ఇరవై మూడో బోరు లోతు

నలభై బోర్లు వేసి, ఒక్క చుక్క నీళ్లు బయటికి తోడకుండానే శభాష్ అనిపించుకున్న డ్రిల్లర్ని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల్లో నేనొక్కడినే. ఆ నలభైలో ప్రతి బోరూ మూడు వందల అడుగులు. అంగుళం తక్కువ లేదు. శభాష్ అని ఊరు ఊరంతా అన్నది.

ఊరంతా అంటే ఇద్దరు. అందులో ఒకడు మా బావమర్ది. అంగుళం సంగతి కాసేపాగి చెప్తాను.

బోరుబండి మీద నా ఉద్యోగం ముప్ఫై నాలుగేళ్లు సాగింది. ఇవాళ బండెక్కుతున్న తమ్ముళ్లకు జీపీయస్సులు, మీటర్లు ఉన్నాయి. మాకు సుద్దముక్క ఉండేది. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. రాడ్డు దిగినప్పుడల్లా కంప్రెసర్ రేకు మీద ఒక గీత గీసేవాళ్లం. జనగామ పక్క రాళ్లలో పదిహేను గీతలు గీసినా తెల్లదుమ్ము తప్ప ఏదీ వచ్చేది కాదు. భూపాలపల్లి పక్క ఇసుకరాయిలో తొందరగా దిగేవాళ్లం గాని గోడలు కూలేవి. గంగారం అడవిలో అయితే ఒకసారి పులే ఎదురొచ్చింది, మా కంప్రెసర్ మోతకు తోక ముడిచింది. మనవలకు ఇప్పటికీ అలాగే చెప్తాను. అది అడవిపంది. చూసింది కూడా బావమర్దే, నేను క్యాబిన్‌లో నిద్రపోతున్నాను.

ఈ వృత్తిలో మాకు రాయని నియమాలు రెండున్నాయి. మొదటిది, మంచి నీళ్లు తగిలాక ఇంకో రాడ్డు దించకూడదు. ఆశపడి దించితే కింద ఏ పగులో నోరు తెరిచి, పడ్డ నీళ్లను మింగేస్తుంది. నా కళ్ల ముందే మూడు బోర్లు అలా పోయాయి. రెండోది, నీళ్లున్న బోరును పూడ్చకూడదు. అది పగవాడు చేసే పని. ముప్ఫై నాలుగేళ్లూ ఈ రెండింటినీ తు.చ. తప్పకుండా పాటించాను. నా కొంప ముంచబోయింది కూడా ఈ రెండే.

మా బండి చివరి పెద్ద పని కేసముద్రంలో దొరికింది. మార్కెట్ యార్డుకు కాస్త ఇవతల, రైలు పట్టాల పక్కన ఒక సేటు ఫంక్షన్ హాలు కడుతున్నాడు. మూడు తరాలుగా వడ్లు, పత్తి కొన్న ఇల్లు అది. కింద భోజనాలు, పైన పెళ్లి, వెనక ముప్ఫై గదులు. పన్నెండు వందల మంది కూర్చోవచ్చు. ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుంటే రెండు వేలని సేటు అనేవాడు.

మమ్మల్ని పిలిపించింది ఇంజనీరమ్మ. జనగామ అమ్మాయి, ముప్ఫై ఏళ్లుంటాయేమో. అంతకుముందు ఎవరి దగ్గరో పనిచేసింది, సొంతంగా పట్టుకున్న మొదటి పని ఇదే. తలకు చున్నీ చుట్టుకుని, ఖాళీ స్థలంలో ముగ్గుతో చుక్కలు పెట్టిస్తోంది.

"ఎన్ని బోర్లు మేడమ్?" అన్నాను.

"నలభై కాకా."

"నీళ్లు గన్ని గావాల్నా?"

"నీళ్లక్కర్లేదు. ఒక్క చుక్క గూడ తియ్యం."

బావమర్ది నా చెవి దగ్గరికి వచ్చి, "బావా, పాపం ఎండదెబ్బ తాకినట్టున్నది. మజ్జిగ పట్టుకరావాల్నా?" అన్నాడు.

ఆమెకు వినపడింది. "తీస్కరా అన్నా. తాగుకుంట చెప్తా" అన్నది.

అప్పుడే సేటు కూడా వచ్చాడు. మజ్జిగ గ్లాసులు పట్టుకుని నలుగురం గోడ నీడన నిలబడ్డాం.

"వెనకట జొన్నలు పాతర్ల పోసేటోళ్లు, ఎరికేనా సేటు గారూ?" అని మొదలుపెట్టింది ఇంజనీరమ్మ.

"ఎరికే. మా తాత జమానాల ఇంటెన్క ఉండె. గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పేటోళ్లు."

"మీద రోహిణి ఎండ మండినా పాతర్ల జొన్నలు సల్లగనే ఉండేటియి గదా. భూమి లోపట గట్లనే ఉంటది. ఎండకాలమైనా, చలికాలమైనా ఒక్కతీరే. హాల్ల పుట్టిన వేడిని నీళ్లల్లకు ఎక్కిచ్చి, గా నీళ్లను పైపులల్ల మూడొందల అడుగుల కిందికి తోల్తం. వేడి భూమికి ఇడ్సిపెట్టి నీళ్లు సల్లబడి వాపసొస్తయ్. మళ్ల తోల్తం. మీ హాలు వేడిని పాతరేస్తున్నట్టు లెక్క."

"గోడకు ఏసీ డబ్బాలు బిగిస్తే అయిపోదా?"

"గవి గూడ హాలు వేడిని బయటికే నూకుతయ్. బయట నిప్పులు కురుస్తుంటే గా వేడి యాడికి పోతది? దాన్ని బలిమికి నూకనీకె చెల్పూరు కరెంటు ప్లాంటుల ఇంకింత బొగ్గు కాలాలె. భూమిలకైతే సుతారంగ పోతది. పైగా చలికాలం మీ ముప్ఫై రూములకు స్నానాల నీళ్లు గదే మిషన్ కాగవెడ్తది."

సేటు గ్లాసు ఖాళీ చేసి మీసాలు తుడుచుకున్నాడు. "మా మార్కెట్ల సంచి కుట్టినంక మళ్ల ఇప్పం బిడ్డా. నీ మాట మీద డబ్బాలు వద్దంటున్న. ఒక్కటి గూడ బిగియ్య. వైశాఖంల మొదటి పెండ్లి. ఆ దినం హాలు సల్లగ లేకుంటే నీ పైపులతోని నీ పేరు గూడ పాతరే."

నవ్వుతూనే అన్నాడు గాని ఆమె నవ్వలేదు. చున్నీ కొంగుతో నుదురు తుడుచుకుని మళ్లీ ముగ్గు చుక్కల దగ్గరికి వెళ్లిపోయింది.

పని ఇలా సాగేది. బోరు వేయాలి. చెంపపిన్ను లాగా అడుగున మడత పెట్టిన నల్లటి పైపును అందులోకి దించాలి. ఒక కాలులో నీళ్లు దిగుతాయి, రెండో కాలులో పైకి వస్తాయి. తర్వాత పైపు చుట్టూ ఖాళీని బంకమట్టి పొడి, సన్న ఇసుక కలిపిన జావతో అడుగు నుంచి పైదాకా నింపేయాలి. పైపులు కంపెనీలోనే సరైన పొడవుకు కోసి, మూతులకు బిరడాలు వేసి వచ్చేవి. వాటి మీద ప్రతి మీటరుకూ ఒక అంకె అచ్చు వేసి ఉండేది. బోరు మూతి దగ్గర ఆ అంకె చూస్తే చాలు, పైపు ఎంత లోతు దిగిందో తెలిసిపోతుంది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోదామని చాలా ప్రయత్నించాను.

ఇరవై రెండు బోర్లు ఆమె పక్కన ఉండగానే పూర్తయ్యాయి. అంకె చూసి పుస్తకంలో రాసుకునేది, జావ పైదాకా వచ్చిందో లేదో కర్ర పెట్టి చూసేది. ఇరవై మూడోది మొదలుపెట్టే వేళకు హాలును చల్లబరిచే యంత్రం సామాను తేవడానికి రెండు రోజులు హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది.

"కాకా, నీ మీద ఇడ్సిపెట్టి పోతున్న. ఒక్కటి గూడ తక్వ గావద్దు" అన్నది.

"ముప్ఫై నాలుగేండ్ల సర్వీసు మేడమ్" అన్నాను ఛాతీ విరుచుకుని.

తొమ్మిదో రాడ్డు సగం దిగిందో లేదో దుమ్ము ఆగిపోయింది. బండి గొంతు మారింది. ఆ మార్పు డ్రిల్లర్‌కు చెవితో కాదు, అరికాళ్లతో తెలుస్తుంది. తర్వాత బూడిదరంగు బురద, దాని వెనకే నీళ్లు. రెండు నిలువుల ఎత్తు లేచాయి. రెండు నిలువులు కాదు, ఒకటిన్నర. కాని జనగామలో ఇరవై ఏళ్లు దుమ్ము తిన్నవాడికి ఆ ఒకటిన్నరే జలపాతం.

ప్రహరీ గోడ అవతల హమాలీల కాలనీ ఉంది. నాలుగు రోజులకొకసారి ట్యాంకర్ వస్తే వాళ్లకు నీళ్లు. నీళ్ల చప్పుడుకు గోడ మీద వరుసగా తలలు లేచాయి. మార్కెట్లో వడ్లు చెరిగి చెరిగి నడుము వంగిన ఒక అవ్వ, మనిషి పట్టేంత సందులోంచి దూరి వచ్చింది. ఆమె చేతిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ ఉన్నాయి. ఎప్పటినుంచి దాచుకుందో ఏమో, కాయ ఎండి గలగలలాడుతోంది. బోరు మూతి చుట్టూ పసుపు రాసి, బొట్లు పెట్టి, కాయ కొట్టి, పారుతున్న బురద నీళ్లను దోసిలితో నెత్తిన చల్లుకుంది.

"గంగమ్మ అచ్చింది కొడుకా. దీన్ని పూడుస్తరటగదా? గట్ల జేయకు, నీకు దండం బెడ్త" అన్నది.

"ఎవలన్నరవ్వా? నేనుండంగ ఎట్ల పూడుస్తరు?" అన్నాను. చూశారా, నాకు అధికారం ఉన్నట్టు ఎలా చెప్పానో.

ఆమె వెళ్లాక బావమర్ది కంప్రెసర్ మీది గీతలు చూపించాడు. "బావా, తొమ్మిదే. ఇంకారు రాడ్లున్నయ్."

"దించితే నీళ్లు జారిపోతయ్ రా."

"మనకు నీళ్లతోని ఏం పని? మేడమ్ మూడొందలన్నది."

"పసుపు వెట్టిన బోరు. నువ్వు పూడుస్తవా? ఇగో పార, పట్టు."

వాడు పార పట్టలేదు. నేనూ పట్టలేదు. మిగతా పని చాలా తేలికగా అయిపోయింది. నూట ఎనభై అడుగుల బోరులో మూడు వందల అడుగుల పైపు పట్టదు కదా, పైన మిగిలిన రెండు కాళ్లనూ రంపంతో కోసేశాను. కోసిన చోట అంకె కనపడకుండా ఆ వైపును మట్టికేసి తిప్పాను. జావ పోయలేదు. మూతి మీద ఒక షాబాదు బండ పెట్టి మన్ను కప్పాను. కోసిన పైపు ముక్కలు మా పెరట్లోకి వచ్చి బీరపాదుకు నీళ్లు పెట్టడానికి పనికొచ్చాయి. ఇది నా భార్యకు కూడా ఈ పేజీ చదివాకే తెలుస్తుంది.

సాయంత్రం ఇంజనీరమ్మ ఫోన్ చేసింది. "ఇర్వై మూడు ఎంతొచ్చింది కాకా?"

"మూడొందలు మేడమ్. నిండ పూడ్సినం."

ముప్ఫై నాలుగేళ్లలో ఇంత నున్నగా నా నోట్లోంచి ఏ మాటా జారలేదు.

నలభై బోర్లనూ పదేసి చొప్పున నాలుగు వరసలుగా కలిపారు. ఇరవై మూడు మూడో వరసలో పడింది. యంత్రానికి తగిలించే ముందు ఒక్కో వరసలో గంటసేపు నీళ్లు తోలి పైపులు కడగాలి. ఆ పని ఇంజనీరమ్మ నాకే అప్పగించింది. మొదటి రెండు వరసలూ తేటగా వచ్చాయి. మూడో వరస తిప్పగానే బూడిదరంగు నీళ్లు. నాకు వెంటనే అర్థమైంది. కోసిన పైపు రెండు మూతులూ ఆ రెండు రోజులు బిరడాలు లేకుండా బురదలో నోరు తెరుచుకుని ఉన్నాయి. ఆ బూడిదరంగు ఆమె చూస్తే, ఇది ఎక్కడిదని అడుగుతుంది. పావుగంటలో వాల్వు కట్టేసి, కడిగిన లెక్క రాసే పుస్తకంలో 'మూడో వరస శుభ్రం' అని రాసి సంతకం పెట్టాను. నా సంతకం అంత అందంగా ఎప్పుడూ రాలేదు.

వైశాఖం వచ్చింది. పెళ్లికి మూడు రోజుల ముందు ఖాళీ హాల్లో యంత్రం నడిపి చూశారు. మనుషులు లేరు కాబట్టి పంపు సగం వేగంతోనే తిరిగింది. హాలు చల్లబడింది. సేటు శాలువా కప్పుకుని కూర్చుని, అందర్నీ పిలిచి చూపించుకున్నాడు. పైపుల్లోంచి వచ్చే చెత్తను పంపులోకి పోనీయకుండా ఆపే నాలుగు వరసల జల్లెడలూ ఇంజనీరమ్మ విప్పి చూసింది, శుభ్రంగా ఉన్నాయి. నాకు ఊపిరి వచ్చింది.

పెళ్లి రోజు ఉదయం గేటు బయట ఒక డీసీఎం వ్యాను ఆగి ఉంది. దాని నిండా అద్దె కూలర్లు. పెళ్లికూతురి మేనమామ తెప్పించాడట. ఆయనదీ వడ్ల వ్యాపారమే, మార్కెట్లో మన సేటుకు ఎదురు దుకాణం. "మన్నుల పైపులు వెట్టి సల్లగ జేస్తరట, ఎందుకైనా మంచిదని పట్టుకచ్చిన" అని గేటు దగ్గరే నిలబడి వచ్చినవాళ్లందరికీ చెప్తున్నాడు. సేటు వినీ విననట్టు పన్నీరు చల్లుతున్నాడు. ఆ కూలర్లు హాల్లోకి దిగాయంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. వర్షాలు పడేలోపు గోడలకు ఏసీ డబ్బాలు వస్తాయి, జనగామ పిల్లకు ఈ మూడు జిల్లాల్లో మళ్లీ పని దొరకదు.

పదిన్నరకు హాలు నిండింది. మేం ముగ్గురం, ఇంజనీరమ్మ, బావమర్ది, నేను, కింద పంపు గదిలో ఉన్నాం. పంపు పూర్తి వేగం అందుకుంది. కాసేపటికి మూడో వరస మీటరు ముల్లు కిందికి దిగడం మొదలైంది. అంటే ఆ వరసలో నీళ్లు పారడం తగ్గిపోతోంది. అందులోని పది బోర్ల పని మిగతా ముప్ఫై మీద పడింది. భూమిలోంచి తిరిగొచ్చే నీళ్ల వేడి ముప్ఫై రెండు, ముప్ఫై నాలుగు, ముప్ఫై ఆరు. నలభై దాటితే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది.

ఇంజనీరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. మూడో వరస బోర్లున్న చోట పెళ్లివారి బస్సు నిలబడి ఉంది. "బస్సు బరువుకు పైపు సితికినట్టుంది కాకా" అన్నది. "తవ్వితే గాని తెల్వదు. ఇప్పుడెట్ల తవ్వుతం?"

"జల్లెడ చూస్తే?" అన్నాడు బావమర్ది, నా వైపు చూడకుండా.

"మొన్ననే చూసిన అన్నా, సాఫుగున్నది. కడిగిన పుస్తకంల గూడ శుభ్రం అనే ఉంది. దాన్ని ఇప్పాలంటే పంపు బంద్ పెట్టాలె. ఇంత మందిల పంపు బంద్ చేసి, అది గాకపోతే?" పైకి మెట్ల వైపు చూసింది. "సేటు గారికి చెప్తా. కూలర్లు దించుమని నేనే చెప్తా. మనంతల మనం చెప్తే జర మర్యాదుంటది."

ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. తమ్ముళ్లారా, అప్పుడు నేను సింహంలా ముందుకు దూకి చేయి అడ్డం పెట్టానని మా వాడలో చెప్పుకుంటాను. దూకలేదు. బావమర్ది వెనక నుంచి నా నడుములో ఒక్క గుద్దు గుద్దాడు. మాట ఆ దెబ్బకు బయటపడింది.

"బిడ్డా, ఆగు. బస్సు గాదు. నేనే."

మేడమ్ అనడం మర్చిపోయాను.

చెప్పేశాను. తొమ్మిది రాడ్లు, రంపం, తెరిచిన మూతులు, పూడ్చని బోరు, బూడిదరంగు నీళ్లు, పావుగంట, సంతకం. ఒక్క బీరపాదు సంగతి దాచాను. ఆమె ముఖం ఎర్రబడింది, తెల్లబడింది. తిడుతుందని కళ్లు మూసుకున్నాను.

"ఎన్ని అడుగులు?"

"నూటెనభై."

"నిజంగ?"

"అవ్వ పెట్టిన పసుపు మీద ఒట్టు."

"ఒక్క బోరు పొట్టిగుంటే ఇంతగనం కాదు." చేతులు నలుపుకుంటూ పైకే ఆలోచించింది. "మొన్న సగం స్పీడుల బురద అడుగున్నే పండుకున్నది. ఇయ్యాల ఫుల్ స్పీడుకు లేసి జల్లెడకు అడ్డం బడ్డది. గంతే. గంతే అయ్యుండాలె." గడియారం చూసింది. "ముహూర్తం ఎన్నింటికి?"

"పదకొండు పదికి" అన్నాడు బావమర్ది.

"ఎనిమిది నిమిషాలున్నది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తాళి కట్టేటప్పుడు ఎవ్వలకు ఉక్కపోత గుర్తుండది. అప్పుడే పంపు బంద్ పెడదాం. అన్నా, నువ్వు పైకి పోయి బాజావోళ్లకు చెప్పు, గట్టిగ కొట్టాలె, ఆపొద్దు. కాకా, నువ్వు పానా పట్టు."

పైన గట్టిమేళం మొదలైంది. ఆమె పంపు ఆపింది. నేను బోల్టులు విప్పాను. ఆరు బోల్టులు. నా చేతులు ఎన్నడూ వణకవు, ఆ రోజు కూడా వణకలేదు, పానానే రెండుసార్లు తనంతట తాను కిందపడింది. ఆరో బోల్టు ఊడగానే జల్లెడ బయటికి లాగాం. దాని నిండా బూడిదరంగు ముద్ద. ముద్దలో నల్లటి పైపు పొట్టు, నా రంపం పొట్టు, మెరుస్తోంది. గంపెడు బరువు దిగినట్టు ఆమె అక్కడే నేలమీద కూలబడి నవ్వింది. తర్వాత లేచి గొట్టం పెట్టి కడిగింది. పైన అక్షింతలు పడుతున్న చప్పుడు వాన చినుకుల్లా వినపడుతోంది.

పంపు మళ్లీ వేశాం. మూడో వరస ముల్లు కదిలింది. ఆగింది. మళ్లీ కదిలి, మిగతా మూడింటి పక్కకు వచ్చి నిలబడింది. ముప్ఫై ఏడు దగ్గర ఆగిన వేడి ముప్ఫై ఆరు, ముప్ఫై నాలుగు అయింది. నేను గోడకు ఆనుకుని, ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో నీళ్లు పడినప్పుడు కూడా వదలనంత నిట్టూర్పు వదిలాను.

భోజనాల వేళకు గేటు దగ్గరికి వెళ్లి చూస్తే కూలర్ల డీసీఎం అక్కడే ఉంది, డ్రైవర్ లేడు. వెతికితే భోజనాల హాల్లో గాలి వచ్చే కంత కింద, రెండు కుర్చీలు కలిపి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. పెళ్లికూతురి మేనమామ పక్కనే నిలబడి, "వీనికి జర దుప్పటి గూడ తెచ్చియ్యాల్నా?" అని గొణుక్కుంటున్నాడు.

ఇంజనీరమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాతో మాత్రం, "సేటు గారికి నువ్వే చెప్పాలె" అన్నది. మర్నాడు చెప్పాను.

"రైతు తెచ్చిన వడ్లల్ల తరుగు తీసేది మేము" అన్నాడు సేటు. "తాలున్నది, తేమున్నది అని. ఊరంత మమ్ముల తిడ్తది. నువ్వు మా కంటె మొనగానివి. భూమిలనే తరుగు తీసినవ్." తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి నేనూ నవ్వబోయాను. "నువ్వు నవ్వకు" అన్నాడు.

ఇక ఆ బోరు. "దాన్ని పూడ్వాలె" అన్నది ఇంజనీరమ్మ.

"నీళ్లున్న బోరు బిడ్డా. అవ్వకు మాటిచ్చిన."

ఆమె నన్ను బండ దగ్గరికి తీసుకుపోయి, కప్పిన మన్ను తోసి చూపించింది. పది అడుగుల దూరంలో వంటశాల కాలువ. పెళ్లి గిన్నెలు కడిగిన జిడ్డు నీళ్లు కాలువ పొర్లి, బండ అంచు కింద నుంచి సన్నటి దారి చేసుకుని బోరులోకి దిగుతున్నాయి.

"ఊరికింద నీళ్లకు ఇదొక గొంతు కాకా. నువ్వు తెరిచిపెట్టినవ్. గా జిడ్డంత యాడికి పోతది? గోడవతల బోరేస్తే రేపు అవ్వ తాగేటియి గివే నీళ్లు. నలభై బోర్లు పూడ్సమన్నది గిందుకే."

నీళ్లున్న బోరును పూడ్చేది పగవాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. తెరిచి వదిలేసి పగవాడి పని చేసింది నేనే.

అవ్వను పిలిచి విషయం చెప్పాం. జావ పోసే గొట్టం నేనే పట్టుకున్నాను. మొదట లోపలికి దిగిన జిడ్డునీళ్లన్నీ తోడి పారబోశాం. తర్వాత అడుగు నుంచి జావ నింపుతుంటే నీళ్లు పైకి తన్నుకొచ్చి, నా పాదాల మీదుగా పారి, చివరికి బూడిదరంగు ముద్ద మూతి దగ్గర కనపడింది. అవ్వ పసుపు చేత్తో పట్టుకుని నిలబడి చూసింది, చల్లలేదు.

"గోడవతల ఏస్తవా మరి?" అన్నది.

"గందుకే బండి తెచ్చిన అవ్వా. ఈసారి కాయ ముందుగాల కొట్టకు, నీళ్లు వడ్డంక కొట్టు."

మా బండి యజమాని, సేటు మాట మీద, ఆ ఒక్క రోజుకు బండి వదిలాడు. కాలనీలో, కాలువకు దూరంగా, నా అరికాళ్లు చెప్పిన చోట వేశాను. అరికాళ్లు అంటున్నాను గాని చోటు చూపించింది ఇంజనీరమ్మ. తొమ్మిదో రాడ్డుకు బండి గొంతు మారింది. నీళ్లు లేచాయి. నిలువెత్తు. ఇది పెంచి చెప్పడం లేదు.

"బావా, ఇంకో రాడ్డు దించుదామా?" అని బావమర్ది కళ్లెగరేశాడు.

"ఆపురా నీ..." అన్నాను. ఈసారి ఆపడమే సరైన పని.

అవ్వ కాయ కొట్టింది. కొబ్బరి చెక్క నా చేతిలో పెట్టి, నా చేయి వదలకుండా చాలాసేపు పట్టుకుంది. ఆ పక్కనే నిలబడ్డ ఇంజనీరమ్మ, "శభాష్ కాకా" అన్నది. మొదట్లో చెప్పిన ఇద్దరిలో రెండో మనిషి ఆమే.

ఇప్పుడు బండి దిగి ఇంట్లో ఉంటున్నాను. కేసముద్రంలో పెళ్లి ఉందంటే పిలవకపోయినా పోతాను. ముందు పంపు గదిలోకి వెళ్లి నాలుగు ముళ్లూ చూస్తాను, తర్వాతే భోజనం. ఆ గది గోడ మీద ఇంజనీరమ్మ నలభై బోర్ల పట్టిక తన చేత్తో, పెయింటుతో రాసింది. వరసగా మూడు వందలు, మూడు వందలు, మూడు వందలు. ఇరవై మూడు దగ్గర మాత్రం నూట ఎనభై. బాగు చేయడానికి వచ్చేవాళ్లకు నిజమైన లోతు తెలియాలి కదా అన్నది.

పులి సంగతి మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు. నీళ్లు రెండు నిలువులు లేచాయని మళ్లీ ఎక్కడైనా అంటాను, అదీ వినండి. ఆ గోడ మీది అంకెను మాత్రం పెంచడం నావల్ల కాలేదు. ఒకసారి సుద్దముక్క తీసుకుని వెళ్లాను కూడా. పెయింటు మీద సుద్ద నిలవదు.